రేపు అంటే ఎన్ని గంటలు?

క్లోవిస్ పినక్‌కు ముక్కుమీద కోపం అంటే అతను ఒప్పుకోడు. తన కోపం లేఖనం మీద గౌరవంతో గుండెలో పుడుతుందనీ, ముక్కు దానికి దారిలో మజిలీ మాత్రమేననీ అతని వాదన. లిటిల్ హోప్ ఊళ్ళో అందరూ అతన్ని ఆరురోజుల పినక్ అంటారు. దేవుడు ఈ సృష్టినంతా సరిగ్గా ఆరు రోజుల్లో, రోజుకి ఇరవైనాలుగు గంటల చొప్పున, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా ముగించాడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిపితే ఊరుకోడు.

కదిపేవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. రిటైరైన సైన్సు మాస్టారు వెంట్‌వర్త్ ఫేసీ. ఈయన్ని కోటేళ్ళ ఫేసీ అంటారు. ఆయన కూడా అదే చర్చికి వస్తాడు, అదే గ్రంథం చదువుతాడు, అదే పాటలు ఇంకాస్త శ్రుతి తప్పి పాడతాడు. కాకపోతే 'దినము' అన్న మాట దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, దేవుడి గడియారం మన గోడ గడియారం కాదు కదా బ్రదర్ పినక్, అంటాడు. ఆ కళ్ళజోడు తుడుపే క్లోవిస్‌కు ఒళ్ళు మండిస్తుంది.

ఏటా హార్వెస్ట్ పండుగకి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి హాల్లో ఈ ఇద్దరికీ చర్చ పెడతారు. చివరిదాకా మర్యాద తప్పకుండా నిలబడ్డవాడు హార్వెస్ట్ ఆదివారం నాడు, దుంపలూ గుమ్మడికాయలూ చెరకుగడలూ పేర్చిన వేదిక మీద నిలబడి, సృష్టి అధ్యాయం చదవాలి. పదకొండేళ్ళు అది క్లోవిస్ సొంతం. వెలుగు రావాలని ఆజ్ఞ వచ్చే చోట అతను గొంతెత్తాడంటే వెనకబల్ల మీద కునుకు తీసే ముసలివాళ్ళు కూడా ఉలిక్కిపడి కళ్ళు తెరిచేవాళ్ళు. ఏడాదంతా ఉల్లికాడల మడుల్లో నడుము వంచే మనిషి ఆ ఒక్క పదినిమిషాలూ నిటారుగా నిలబడేవాడు. ఆ పదినిమిషాల కోసమే అతను మిగతా ఏడాది బతుకుతాడంటే అబద్ధం కాదు.

పోయినేడాది అది పోయింది. పోగొట్టింది ఫేసీ మాస్టారి మేక. దాని పేరు బిషప్. చర్చకి ముందురోజే అది కంచె దాటొచ్చి రెండు మడుల ఉల్లికాడలు మేసింది. మర్నాడు మాస్టారు భూమి పొరల గురించి ఎంతో మర్యాదగా వివరిస్తుంటే క్లోవిస్ లేచి, భూమి వయసు తర్వాత తేల్చుకుందాం, ముందు మీ మేక సంగతి తేల్చండి, అన్నాడు. అక్కణ్ణించి మేక తల్లి గురించి మాట్లాడాడు. తర్వాత మాస్టారి తల్లి గురించి కూడా ఏదో అనబోతుంటే ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ ఏడు అధ్యాయం మాస్టారు చదివాడు, అదీ ముక్కుతో.

అందుకని ఈ ఏడు రెవరెండ్ గాబిడన్ గారు కొత్త నియమం పెట్టారు. బల్ల మీద ఇత్తడి గంట ఉంటుంది. మర్యాద తప్పినా, విషయం దాటినా ఒకసారి మోగుతుంది. మూడు గంటలు మోగినవాడు కూర్చోవాలి. దినానికి ఇరవైనాలుగు గంటలని పట్టుబట్టే మనిషికి మూడంటే మూడే గంటలు ఇచ్చారని ఊరంతా నవ్వుకున్నారు.

క్లోవిస్ మాత్రం ఆ నియమం విన్న క్షణంలోనే ఒక పథకం వేశాడు. పథకం వేసినప్పుడు అతని ఎడమ కనుబొమ్మ దానంతటదే పైకి లేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో అతని భార్య ఇసిల్డా ఆ కనుబొమ్మను వాతావరణ సూచనలా చదవడం నేర్చుకుంది. ఆ సంగతి అతనికి ఇంకా తెలియదు.

"చూడు ఇసీ," అన్నాడు ఇంటికి రాగానే, దారిలో కొన్న చిన్న ఇత్తడి గంటని బల్ల మీద పెడుతూ. ఆమె వంటింట్లో సీమపనసకాయ కాలుస్తోంది. "చర్చకి ఇంకా పన్నెండు రోజులుంది. అందాకా ఇంట్లో కూడా అదే పద్ధతి పెడదాం. మర్యాదగా మాట్లాడాలి, విషయం దాటకూడదు. దాటితే గంట. నాకు అలవాటు కావాలి కదా."

"విషయమేంటి?"

"సృష్టి."

"ఇంక దేని గురించీ మాట్లాడకూడదా?"

"అభ్యాసమంటే అభ్యాసమే మరి," అన్నాడు క్లోవిస్. కనుబొమ్మ లేచే ఉంది.

ఆమె తలెత్తి పైకప్పు వైపు చూసింది. చూడ్డానికి కారణం ఉంది. వంటింటి కప్పు సరిగ్గా కుంపటి మీదే కారుతుంది. ఇసిల్డా చేసే చిలగడదుంప పుడ్డింగ్‌కు కింద నిప్పులుండాలి, మూత మీదా నిప్పులుండాలి. వాన పడితే పైనిప్పులు చుయ్యిమంటాయి. కింద మాడి పైన పచ్చిగా ఉన్న పుడ్డింగ్‌ను కోళ్ళు కూడా ఆలోచించి తింటాయి. కొత్త జింకు రేకులు మార్చిలోనే వచ్చాయి. ఇంటి వెనక గోడకి ఆనించి ఉన్నాయి. ఇప్పుడు అక్టోబరు. ఆ రేకుల కింద ఒక కోడి కాపురం పెట్టి, పిల్లల్ని చేసి, ఆ పిల్లల్లో కొన్ని మళ్ళీ గుడ్లు పెట్టే ఈడుకొచ్చాయి.

రేకులెప్పుడు వేస్తావంటే క్లోవిస్ దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. రేపు. మోకాలు నొప్పి తగ్గగానే రేపు, ఉల్లికాడలు మార్కెట్టుకి పంపగానే రేపు, ఎండ చల్లబడగానే రేపు. ఇప్పుడీ గంట పుణ్యమా అని ఆ ఒక్క మాట కూడా ఖర్చుపెట్టక్కర్లేదు. పథకంలో అసలు కిటుకు అదే.

ఆ సాయంత్రమే అమల్లో పెట్టాడు. మబ్బు పట్టింది, ఆ రేకుల సంగతేంటని ఇసిల్డా అడగ్గానే గంట టింగుమంది. విషయం కాదన్నాడు. కుంపటి ఆరిపోతోందంటే ఇంకోసారి టింగు. పుడ్డింగ్ మానెయ్యనా అని అడిగితే మాత్రం అతని చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. చివరికి మోగించాడు గానీ, కాస్త మెల్లిగా మోగించాడు.

ఇసిల్డా చేతులు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"సరే, మిస్టర్ పినక్," అంది. "మీరే చెప్పండి. మొదటి రోజు వెలుగొచ్చింది. సూర్యుడు నాలుగో రోజుకి గానీ రాలేదు. మరి ఆ ముందు మూడు రోజులూ సాయంత్రమైందని ఎలా తెలిసింది?"

క్లోవిస్‌కు ఒళ్ళు జలదరించింది. ఒకటి, ఆ 'మీరు'. ఆమె మామూలుగా క్లోవీ అంటుంది, కోపమొస్తే పినక్ అంటుంది. మిస్టర్ పినక్ అనీ మీరు అనీ అన్నది పెళ్ళయ్యాక నాలుగేసార్లు. ఆమె గుడ్లకోడిని అతను అడక్కుండా చర్చి విందుకి దానమిచ్చిన రోజు వాటిలో ఒకటి. ఆ రోజు తర్వాత మూడు వారాలు ఇంట్లో గుడ్డు కనబడలేదు. రెండోది, ప్రశ్న బాగుంది. అచ్చం ఫేసీ మాస్టారు అడిగే ప్రశ్నే, కానీ ఆమె కళ్ళజోడు తుడుచుకోవడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది.

"అది మర్మం," అన్నాడు.

"మర్మమంటే తెలీదనా అండి?"

చెయ్యి గంట మీదికి వెళ్ళింది. మర్యాద తప్పలేదు, విషయమూ దాటలేదు. చెయ్యి వెనక్కి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మడుల్లో నిలబడి క్లోవిస్ ఆ సంగతే ఆలోచించాడు. సూర్యుడు లేని వెలుగు ఏ వైపు నించి వచ్చి ఉంటుంది? దానికి నీడ ఉండేదా? ఎర్రమట్టి మీద తన నీడనే చూసుకుంటూ అలా ఎంతసేపు నిలబడ్డాడో, పక్క పొలం మనిషి వడదెబ్బ తగిలిందేమోనని పలకరించి వెళ్ళాడు. పదకొండేళ్ళు ఆ అధ్యాయాన్ని గొంతెత్తి చదివాడు గానీ, ఒక్కసారి కూడా ఇలా ఆగి చూడలేదని అతనికి తట్టింది. తట్టినందుకు కాస్త సిగ్గేసింది. వెంటనే అది ఫేసీ మాస్టారి తప్పని తేల్చుకుని నీళ్ళు పెట్టడం మొదలెట్టాడు.

ఆ తర్వాత ఇసిల్డా రేకుల మాట ఎత్తలేదు. మొదట్లో క్లోవిస్‌కు భలే సుఖంగా ఉంది. మూడోరోజుకి ఆ సుఖం ఎక్కడో గుచ్చుకోవడం మొదలైంది. వాన పడితే ఆమె మౌనంగా లేచి, చినుకు కింద ఇనప గిన్నె పెట్టి, మౌనంగా వచ్చి కూర్చునేది. టప్పు, టప్పు మని గిన్నె మాత్రం మాట్లాడేది. దాని మీద గంట కొట్టే వీల్లేదు.

పుడ్డింగ్ లేదు. పొద్దున మొక్కజొన్న జావ, సాయంత్రం కర్రపెండలం రొట్టే ఉప్పుచేపా. తిని ఆమె కళ్ళజోడు పెట్టుకుని గ్రంథం ముందేసుకుని కూర్చునేది. మధ్యమధ్య ఒక నోటుపుస్తకంలో ఏదో రాసేది. ఏం రాస్తున్నావంటే, సృష్టి గురించేనండి, అనేది.

ఫేసీ మాస్టారు ఈమెకేమైనా నూరిపోస్తున్నాడా అని క్లోవిస్‌కు అనుమానం వచ్చింది. అడిగేశాడు కూడా.

"నా ప్రశ్నలు నేనే వండుకుంటాను," అంది ఇసిల్డా. "కుంపటి ఖాళీగానే ఉందిగా." ఆ వెంటనే తనే చెయ్యి చాచి గంట మోగించుకుంది. "క్షమించాలి. కుంపటి విషయం కాదు."

ఆమె కోళ్ళకి గింజలు వెయ్యడానికి వెళ్ళినప్పుడు క్లోవిస్ ఆ నోటుపుస్తకం తెరిచి చూశాడు. ఒక పేజీలో నాలుగే మాటలున్నాయి. దినము. నిన్న. నేడు. రేపు. చివరిదాని కింద రెండు గీతలు. ఈ వయసులో వ్యాకరణం నేర్చుకుంటోంది కాబోలు పిచ్చిది, అనుకున్నాడు. అయినా ఆ రెండు గీతలు ఎందుకా అని రోజంతా మనసు పీకుతూనే ఉంది.

చర్చ రోజు రానే వచ్చింది. హాలు నిండిపోయింది. జనం అల్లం పానకం సీసాలతో, విసనకర్రలతో వచ్చి కూర్చున్నారు. సృష్టి సంగతి వాళ్ళకి ఏటా వినేదే. మేక సంగతి ఈ ఏడు వస్తుందా రాదా అన్నదే అందరి ఆసక్తీ. బయట వాన మొదలైంది. హాలు కప్పు మీద పిండి జల్లించినట్టు చప్పుడవుతోంది గానీ లోపల ఒక్క చుక్క పడటం లేదు. ఆ కప్పు మూడేళ్ళ కిందట క్లోవిస్ వేసిందే.

ఫేసీ మాస్టారు మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే కళ్ళజోడు తుడుచుకుని, దినము అన్న మాటకి పాత భాషలో కాలమనే అర్థం కూడా ఉందనీ, సూర్యుడు లేని రోజుని గంటల్లో ఎలా కొలుస్తామో గౌరవనీయులైన బ్రదర్ పినక్ చెబితే నేర్చుకోవాలని ఉందనీ అన్నాడు. క్లోవిస్ లేచి, గౌరవనీయులైన మాస్టారూ, అని మొదలెట్టాడు. హాల్లో చప్పట్లు పడ్డాయి. దినము అన్న చోట దినమనే రాసి ఉందనీ, సాయంకాలం, ఉదయం అని కూడా విడమర్చి రాసి ఉందనీ, రాసినవాడికి కాలమని రాయాలనుంటే రాయడం రాక కాదనీ అన్నాడు. మాట నెమ్మదిగా, నునుపుగా వస్తోంది. పన్నెండు రోజుల అభ్యాసం ఊరికే పోలేదని అతనికే ముచ్చటేసింది.

అంతా బాగానే జరుగుతుండగా మాస్టారు ఆరో రోజు దగ్గరికొచ్చాడు. ఆ రోజు పశువులూ పురుగులూ అన్నీ పుట్టాయి కదా, అన్నాడు.

"పశువులంటే గుర్తొచ్చింది," అన్నాడు క్లోవిస్.

గంట మోగింది. హాలంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. క్లోవిస్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంకో పావుగంటకి మాస్టారు మళ్ళీ కళ్ళజోడు తియ్యబోతుంటే, దాన్నింకా ఎంత తుడుస్తారు, ఏముంది అందులో కనబడ్డానికి, అనేశాడు. రెండో గంట. అక్కణ్ణించి పిడికిళ్ళు జేబుల్లో పెట్టుకుని మాట్లాడాడు. నుదుటి మీద చెమట పడుతున్నా మాట తప్పలేదు. చివరికి రెవరెండ్ గారు గడియారం చూసి, ఇద్దరూ మర్యాదగా ముగించారు, ఇక సభలో ఎవరైనా మూడు ప్రశ్నలు అడగొచ్చు, ఆ తర్వాత నిర్ణయం చెబుతాం, అన్నారు. క్లోవిస్‌కు వేదికా, దుంపల గుట్టా, నిటారుగా నిలబడ్డ తానూ కళ్ళముందు కనబడ్డాయి.

వెనకబల్ల నించి ఇసిల్డా లేచింది. చేతిలో నోటుపుస్తకం ఉంది.

"బ్రదర్ పినక్ గారికి నా ప్రశ్నలు," అంది. "దినమంటే సాయంకాలం, ఉదయం ఉన్న ఒక్క రోజే అన్నారు. సాగదీసి కాలమని చెప్పుకోకూడదు. అంతేనా అండి?"

"అంతే సిస్టర్ పినక్," అన్నాడు క్లోవిస్. ఇంత తేలిక ప్రశ్న అడిగినందుకు అతనికి భార్య మీద ప్రేమ పొంగింది. పాపం, నాకు సాయం చెయ్యడానికే లేచింది, అనుకున్నాడు.

"రెండో రోజు దేవుడు మధ్యలో కప్పులాంటిది పరిచి, పైనీళ్ళని పైన, కిందినీళ్ళని కింద ఉంచాడు. ఇంత పెద్ద పని ఒక్క రోజులో అయిపోయిందా?"

"ఒక్క రోజులో," అన్నాడు క్లోవిస్, ఛాతీ విరుచుకుని. "దేవుడి మాట ఎందుకు, మనిషి తల్చుకున్నా అవుతుంది. ఈ హాలు కప్పే చూడండి. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగాను. ఇవాళ ఒక్క చుక్క పడుతోందా?" రెవరెండ్ గారు గంట వైపు చూసి, ఉదాహరణే కదా అని వదిలేశారు.

"కృతజ్ఞతలు," అంది ఇసిల్డా. నోటుపుస్తకంలో రెండు గీతలున్న చోట వేలు పెట్టింది. "ఆఖరి ప్రశ్న. లేఖనాన్ని అక్షరాలా నమ్మే మనిషి 'రేపు' అన్నాడనుకోండి. ఆ రేపు సాయంకాలం, ఉదయం ఉన్న ఒక్క రోజా అండి? లేక మార్చి నించి అక్టోబరు దాకా సాగే కాలమా?"

హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి.

క్లోవిస్ కాలమని అన్నాడా, పదకొండేళ్ళ వాదం ఫేసీ మాస్టారి చేతిలో పెట్టినట్టే. ఒక్క రోజే అన్నాడా, రేపు పొద్దున్నే నిచ్చెన ఎక్కాల్సిందే. ఇటు చూస్తే మాస్టారు, ఈసారి నిజంగానే కుతూహలంతో, కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగాడు. అటు చూస్తే ఇసిల్డా, ముఖంలో ఒక్క గీత కదలకుండా, మర్యాద మూర్తీభవించినట్టు నిలబడి ఉంది. ఆమె రేకుల పేరెత్తలేదు. కుంపటి అనలేదు. మాట తప్పలేదు, గీత దాటలేదు. ఆ మర్యాదే అతని కొంప ముంచింది.

"మోకాలు నొప్పి ఉందా లేదా?" అన్నాడు క్లోవిస్ ఒక్కసారిగా. "రేకుల కింద కోడి పొదిగితే నేనేం చెయ్యను? ఉన్నపళాన దాన్ని వెళ్ళగొట్టమంటారా? వేస్తానన్నానా, వెయ్యనన్నానా? అయినా ఇంటి రేకుల గొడవ నలుగురిలో ఎత్తడమేంటి?"

మూడో గంట మోగింది.

"బ్రదర్ పినక్," అన్నారు రెవరెండ్ గారు ఎంతో నెమ్మదిగా, "రేకుల మాట ఇక్కడ ఎవరూ ఎత్తలేదే."

అప్పుడు దద్దరిల్లింది హాలు. నవ్వులో వాన చప్పుడు కూడా కలిసిపోయింది. అరుగుల మీద కబుర్లకి అరవై ఏళ్ళుగా పేరుపడ్డ ముందుబల్ల ముసలమ్మ, కప్పదాటు మాటలు చాలా విన్నాను గానీ కప్పు దాటలేని మాట ఇదే వినడం, అని పక్కవాళ్ళకి చెప్పి మళ్ళీ చెప్పింది. క్లోవిస్‌కు ముఖం కందగడ్డయింది. ఆ దుంపల గుట్ట, ఆ వేదిక, ఆ పదినిమిషాలు, అన్నీ కళ్ళముందే పోయాయి. జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. ఏడుపు కాదని తనకు తనే చెప్పుకున్నాడు.

నవ్వులు సద్దుమణిగాక రెవరెండ్ గారు, కూర్చునే ముందు ప్రశ్నకి జవాబు చెప్పడం మర్యాద, అని గుర్తుచేశారు.

క్లోవిస్ గొంతు సవరించుకున్నాడు. "రేపంటే రేపే," అన్నాడు. "ఇరవైనాలుగు గంటలు." కూర్చున్నాడు.

వాదం ఓడలేదు. మనిషే ఓడాడు. నియమం ప్రకారం అధ్యాయం ఫేసీ మాస్టారు చదవాలి. ఆయన లేచి, తాను పన్నెండేళ్ళుగా మాట్లాడి బ్రదర్ పినక్‌ని ఒక్క అంగుళం కదపలేకపోయాననీ, సిస్టర్ పినక్ మూడు ప్రశ్నలతో కప్పు ఎక్కిస్తోందనీ, ఆ అధ్యాయం చదివే హక్కు ఆమెదనీ అన్నాడు. ఎవరూ కాదనలేదు. క్లోవిస్ కూడా చప్పట్లు కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

మర్నాడు సోమవారం పొద్దున్నే కోళ్ళ కాపురం ఖాళీ చేయించారు. ఊళ్ళో సగంమందికి ఆ రోజు క్లోవిస్ ఇంటి ముందు నించి వెళ్ళే పనే పడింది. కోటేళ్ళ ఫేసీ మాస్టారు తన నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. వెంట బిషప్ కూడా వచ్చింది. క్లోవిస్ దాన్ని చూశాడు, అది క్లోవిస్‌ని చూసింది. మర్యాదగా ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పాత రేకు పీకేసరికి వంటింట్లోకి పెద్ద కంత పడింది. ఆ కంతలోంచి ఇసిల్డా గొంతు పైకి వచ్చింది. అధ్యాయం చదివి చూసుకుంటోంది. క్లోవిస్ మేకులు నోట్లో పెట్టుకుని విన్నాడు. అతను చదివితే ఆజ్ఞలా ఉండేది. ఈమె చదువుతుంటే ఎవరో మొదటిసారి చూస్తూ, ఇదేంటి, మరి ఇదేంటి అని అడుగుతున్నట్టుంది. రెండో రోజు దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగింది. పైకి చూసి, "పైనీళ్ళు అన్న చోట గొంతు దించాలా, ఎత్తాలా?" అని అడిగింది.

"ఎత్తు," అన్నాడు క్లోవిస్, మేకులు తీసి. "ఆ చోట ఎత్తాలి. బావుంది, ఇసీ." ఆ మాట అనేశాక అతనికి గుండె తేలికైంది. సుత్తి కూడా తేలికైనట్టే అనిపించింది.

కింద నిచ్చెన పట్టుకున్న మాస్టారిని చాలాసేపటికి అడిగాడు, సూర్యుడు లేని ఆ వెలుగుకి నీడ ఉండి ఉంటుందా అని. మాస్టారు కళ్ళజోడు తియ్యబోయి, నిచ్చెన వదిలితే ప్రమాదమని మానుకున్నాడు. తనకీ తెలియదన్నాడు. ఇద్దరూ కాసేపు ఆకాశం వైపు చూశారు. పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడ్డది అదే మొదలు.

సాయంత్రానికి ఆఖరి మేకు దిగింది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగాడు, ఒక్క రోజులో. దిగేసరికి వాన మొదలైంది. ముగ్గురూ వంటింట్లో నిలబడి పైకి చూశారు. పైనీళ్ళు పైనే ఉన్నాయి. ఇనప గిన్నె బోర్లించి ఉంది, కుంపటి పొడిగా ఉంది, మూలన బుట్టలో చిలగడదుంపలు ఎర్రగా నవనవలాడుతున్నాయి.

క్లోవిస్‌కు నోరూరింది. "పుడ్డింగ్ ఎప్పుడు, ఇసీ?" అన్నాడు, వీలైనంత మర్యాదగా.

"రేపు," అంది ఇసిల్డా, కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరుస్తూ.

క్లోవిస్ నోరు తెరిచాడు. కిటికీ గట్టు మీద, ఆమె చేతికి అందేంత దూరంలో, ఇత్తడి గంట ఉంది. సాయంకాలమూ ఉదయమూ ఉన్న రేపేనా అని అడగండి, అని మాస్టారు గొణిగాడు. మీరే అడగండి, అని క్లోవిస్ గొణిగాడు. ఇద్దరూ అడగలేదు. దినమన్న మాటకి కాలమనే అర్థం కూడా ఉందేమోనని క్లోవిస్ పినక్‌కు జీవితంలో మొదటిసారి భయం వేసింది.